కారు వణకినప్పుడు: టార్క్ కన్వర్టరును గూర్చి గృహిణులు తెలియదగిన సంగతులు

ఇంటిలోని ప్రతి సాధనముయొక్క గుణదోషముల నెరిగి మెలగుట గృహిణికి శోభ. నేడు కారు సైతము గృహసాధనములలో నొకటియైనది. ఎడమకాలితో క్లచ్చు త్రొక్కుట, మాటిమాటికి గేరు మార్చుట అను శ్రమ లేనందున ఆటోమేటిక్ కారును మన స్త్రీలు పలువురు కోరుచున్నారు. అమెరికాలో కాపురముండు మన ఆడపడుచులు సాధారణముగా నడపునవి యిట్టివే. అయితే ఆ శ్రమను మనకు బదులుగా వహించు భాగమేది, అది అలసినప్పుడు ఏ విధముగా మొరపెట్టుకొనును అను సంగతి నెరిగినవారు తక్కువ. ఎరుగనందున కలుగు నష్టము స్వల్పము కాదు. తొలుత నూనె మార్చినంత మాత్రమున పోగల దోషము, ఉపేక్షించినచో గేరుబాక్సు నంతటిని మార్పవలసిన దుస్థితికి తెచ్చును.

ముందుగా ఒక సందేహము తీర్చుకొనవలెను. ఆటోమేటిక్ అని అమ్మబడు కార్లన్నిటియందును టార్క్ కన్వర్టరుండదు. 2014లో మారుతీ సెలేరియోతో మన దేశమునకు వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతిలో పాత క్లచ్చే యుండును. కాలికి బదులు యంత్రము దానిని నడపును. రెండు క్లచ్చులుగల డి.సి.టి. పద్ధతిలోను సాధారణముగా ఇది కానరాదు. సి.వి.టి. కార్లలో కొన్నిటికి కలదు, కొన్నిటికి లేదు. కావున మన కారు ఏ జాతిదో, దానితో నిచ్చిన పుస్తకమును చూచి తెలిసికొనుట మొదటి పని.

ఈ సాధనము పుట్టినది కార్లకొరకు కాదు, ఓడలకొరకు. హెర్మన్ ఫోటింగర్ అను జర్మనుదేశపు ఇంజనీరు స్టెటిన్ నగరమున ఓడల కర్మాగారములో పనిచేయుచు, ఆవిరి టర్బైనుయొక్క అతివేగమును ఓడను నడపు రెక్కలకు తగినట్లు తగ్గించుటకై దీనిని కల్పించి, 1905లో పేటెంటు పొందెను. అమెరికాలో బ్యూక్ సంస్థ 1948 నాటి కార్లలో డైనాఫ్లో అను పేర దీనిని అమర్చెను.

దీని పని మన వంటయింటి దృష్టాంతముతోనే బోధపడును. మజ్జిగకుండలో కవ్వమును ఒకే దిక్కునకు త్రిప్పినచో మజ్జిగయు తిరుగును. అందు తేలు కరివేపాకు రెబ్బయు తిరుగును. కవ్వమునకు, రెబ్బకు తాకిడి లేదు. నడుమ నున్నది ద్రవమే. అట్లే టార్క్ కన్వర్టరను ఉక్కుగుల్లలో నూనె నిండియుండును. ఇంజనుతో తిరుగు రెక్కలచక్రము నూనెను విసరును. ఆ విసురునకు గేరుబాక్సుతో చేరిన రెండవ చక్రము తిరుగును. నడుమ నున్న మూడవ చక్రము, కాలువనీటిని మళ్లించు కట్టవలె, మరలివచ్చు నూనెను మొదటి చక్రమునకు తోడ్పడునట్లు త్రిప్పును. ఇందువలన కారు కదలునప్పటి బలము రమారమి రెట్టింపగును. సిగ్నలువద్ద ఇంజను ఆగకుండ కారు నిలుచుటయు ఈ నూనె చలువయే.

క్షీరసాగరమథనమున అమృతమునకు ముందు హాలాహలము పుట్టినట్లు, ఈ మథనమునందును ఒక విషము పుట్టును. అదియే వేడి. నూనె జారుడువలన కొంత బలము వృథాగా వేడియగును. దానిని తగ్గించుటకై, కారు నిలుకడగా సాగునప్పుడు రెండు చక్రములను గట్టిగా కలిపిపట్టు ఒక లోపలి క్లచ్చును అమర్చిరి. దానిని లాకప్ క్లచ్చందురు. నూనె మాడి సారము చెడినచో ఈ క్లచ్చు పట్టుచు జారుచు నుండును. అప్పుడే కారు వణకును.

ఈ వణకునకు ఒక గుర్తు కలదు. సుమారు 50 నుండి 80 కిలోమీటర్ల వేగమున, యాక్సిలరేటరుపై కాలు తేలికగా నుంచి సాగునప్పుడు, రోడ్డుపై వరుసగా వేసిన చిన్నగట్లమీద పోయినట్లు కొన్ని క్షణములు అదరి మానును. ఇంక ఇతర లక్షణములు: గేరు వేసిన పిదప కారు కదలుటకు జాగగుట, ఇంజను రొదపెట్టినను వేగము పెరుగకుండుట, గేరులో నుంచగానే ఈలవంటి ధ్వని వినవచ్చుట, నూనె నల్లబడి మాడువాసన కొట్టుట. అన్నిటికంటె భయంకరమైనది, లాకప్ క్లచ్చు విడివడక, కూడలిలో నిలుపగానే ఇంజను ఆగిపోవుట. ఇంజను ఆగినచో స్టీరింగునకు, బ్రేకులకు దాని తోడ్పాటు తప్పి అవి బరువగును. పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని పోవు తల్లికి ఇది ఉపేక్షింపదగిన విషయమా?

అయినను వణకిన ప్రతి కారును టార్క్ కన్వర్టరు చెడినదే యని తలపరాదు. జ్వరమన్నిటికి మందొక్కటి కాదు గదా! చక్రముల తూకము తప్పినచో స్టీరింగు అదరును. ఆ అదురు యాక్సిలరేటరునుబట్టి గాక వేగమునుబట్టి యుండును. స్పార్క్ ప్లగ్గు చెడినను కారు కుదియును. పరీక్షాయంత్రముపై పి 0740 అను సంకేతము వచ్చినను, అది లాకప్ క్లచ్చును నడపు విద్యున్మార్గమున దోషమున్నదని మాత్రమే చెప్పును. తెగిన తీగయో, చెడిన సోలినాయిడో కారణము కావచ్చును. కారణము నిర్ణయింపకయే "కన్వర్టరు మార్పవలె" నను మాటకు ఒడంబడరాదు. గేరుబాక్సును దింపినగాని అది చేతికి రాదు. కూలియే పెద్ద మొత్తమగును. ఏ పరీక్ష చేసిరి, ఏమి కనబడినది, ఎంత వ్యయమగునను మూడు విషయములను వ్రాయించి పుచ్చుకొనుడు.

నూనెలో లోహపు పొడి లేక, వణకు మాత్రమే యున్నచో, పుస్తకమున చెప్పిన జాతి నూనెను మార్చుటతోనే నయమగుట కలదు. పొడి తళతళలాడుచున్నచో కన్వర్టరు మార్పు తప్పదు. అప్పుడు నూనెను చల్లార్చు కూలరును, దాని గొట్టములను కడిగించుట గాని మార్పించుట గాని చేయవలెను. లేనిచో పాతదాని పొడి క్రొత్తదానిని చెరచును.

రోగము రాకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలు. ఎత్తుమీద కారును యాక్సిలరేటరుతో నిలిపి యుంచక బ్రేకుతో నిలుపుడు. వెనుకకు పోవు కారు పూర్తిగా ఆగనిదే ముందుగేరు వేయకుడు. కారు నిలుపుచోట నేలపై నూనెచుక్కలు పడుచున్నవేమో చూడుడు. ఘాట్ రోడ్లు, ఎండ, రద్దీ, బరువు అను కఠినమైన వాడుకకు పుస్తకమున వేరు గడువున్నచో నూనె మార్పునకు దానినే పాటింపుడు. కారు చెడి యీడ్పింపవలసివచ్చినచో, ఇంజను త్రిప్పు చక్రములు నేల నానకుండునట్లు చేయింపుడు. ఏలయన ఇంజను ఆగియుండగా గేరుబాక్సులో నూనె పారదు.

"కారు వణకుచున్న" దని ఇల్లాలు చెప్పగా, "రోడ్డు బాగులే" దనియో, "నీకు భయ" మనియో త్రోసివేయుట పెక్కిండ్ల వాడుక. దినదినము నడపు చేతికే తొలి వణకు తెలియును. ఆ మాటను నిలుపుకొనుటకు సాధన మొక్క చిన్న పుస్తకము. ఏ తేదీన, ఎంత వేగమున, ఇంజను చల్లగా నున్నప్పుడా వేడెక్కినప్పుడా, ఎన్ని క్షణములు వణకెనో వ్రాసి యుంచుడు. ఆ నాలుగు పంక్తులు మెకానికు చేతబెట్టినచో ఎవ్వరును కాదనజాలరు. పరీక్షించువానికి సగము పని తీరును. చాకలిపద్దు, పాలపద్దు వ్రాయు చేతికి ఇది భారమా?