ఖాళీ పీఠాలు

మ్యూజియం గతానికి అద్దం పడుతుందని అంటారు. అయితే ఆ అద్దాన్ని ఎవరు పట్టుకున్నారో, ఎటువైపు తిప్పారో అడిగేవారు అరుదు. ఆ ప్రశ్ననే తన కళకు వస్తువుగా స్వీకరించిన అమెరికన్ కళాకారుడు ఫ్రెడ్ విల్సన్. 1954లో న్యూయార్క్ నగరంలో జన్మించిన ఆయన భావప్రధాన కళకు చెందినవారు. ఈ కళలో చేతి నైపుణ్యం కంటె ఆలోచనకే ప్రాధాన్యం.

1992లో బాల్టిమోర్ నగరంలోని మేరీలాండ్ చారిత్రక సంఘంలో విల్సన్ ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆ సంఘం భద్రపరచిన పాత వస్తువులనే ఎంచుకొని కొత్త వరుసలో అమర్చారు. నగిషీలు చెక్కిన వెండి పాత్రల నడుమ బానిసలకు తొడిగిన ఇనుప సంకెళ్ళను ఉంచి, 'లోహపు పని, 1793-1880' అని మాత్రమే రాయించారు. వేరొకచోట నెపోలియన్ మొదలైన ముగ్గురు ప్రముఖుల శిరోవిగ్రహాలను నిలిపారు. వారిలో ఒక్కరూ మేరీలాండ్‌వారు కారు. వాటి సరసనే మూడు ఖాళీ పీఠాలు. వాటిపై హ్యారియట్ టబ్‌మన్, ఫ్రెడరిక్ డగ్లస్, బెంజమిన్ బన్నెకర్ అనే పేర్లు మాత్రమే ఉన్నాయి. ఈ ముగ్గురూ ఆ గడ్డపై పుట్టిన నల్లజాతి ప్రముఖులే. కాని వారి విగ్రహాలు ఆ సంఘం సేకరణలో లేవు.

ఈ ప్రశ్న తెలుగునాటికీ వర్తిస్తుంది. నూజివీడు మామిడితోటల నుండి బయలుదేరిన విద్యార్థి ఒక్క పూటలో అమరావతి చేరగలడు. కాని అక్కడి మహాస్తూపపు శిల్పాలలో అధికభాగం చెన్నై, లండన్ నగరాల మ్యూజియాలలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించిన శిల్పాలు మొదట మద్రాసుకు, 1859లో ఓడపై లండన్‌కు తరలిపోయాయి. 1880 నుండి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

వాటికి 'ఇలియట్ మార్బుల్స్' అనే పేరు వచ్చింది. నిజానికి అది చలువరాయి కాదు, పలనాటి సున్నపురాయి. తవ్వించినవాని పేరు అలా లోకానికెక్కింది. కాని స్తూపపు రాళ్ళపైనే బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. వారిలో వర్తకులు, భిక్షుణులు, గృహస్థులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడూ ఉన్నాడు.

స్థానికులు ఆ రాళ్ళను కట్టడాలకు వాడుకున్న మాట వాస్తవం. కనుక మ్యూజియాలు శిల్పాలను కాపాడాయనడంలోనూ నిజం ఉంది. అయినా, రాయిని కాపాడినంత మాత్రాన దాని వెనుకనున్న మనుషుల స్మృతిని కాపాడినట్లు కాదు. మ్యూజియానికి వెళ్ళిన విద్యార్థి పలకపై ఉన్న పేరును చదివి ఊరుకోక, అక్కడ లేని పేరు ఎవరిదో కూడా విచారించాలి. విల్సన్ ఖాళీ పీఠాలు అడుగుతున్నదీ అదే.