బండి ఎక్కని ఓడ

ఓడలు బండ్లమీదికీ, బండ్లు ఓడలమీదికీ వస్తాయని మన సామెత. మరి, బండే పోలేని చోటికి ఓడ పోవడమెట్లా? పెరూ ప్రభుత్వానికి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. ఇంగ్లండులో 'యావరి' అనే ఆవిరి ఓడను చేయించుకున్నది. అది తిరగవలసిన టిటికాకా సరస్సేమో ఆండీస్ పర్వతాలలో సుమారు 12,500 అడుగుల ఎత్తున వున్నది! ఓడను ముక్కలు ముక్కలుగా పంపడమే దీనికి ఉపాయం. ఏ ముక్కా కంచరగాడిద మోయగల బరువుకు మించరాదని నియమం. ఒక్క రేకు లోయపాలైతే, దాని బదులు మరొకటి సముద్రాలు దాటి రావలసిందే. 1862లో ఆరికా రేవులో దిగిన ముక్కలు కొండలెక్కి, ఒక్కటై, నీటిలో ప్రవేశించేసరికి 1870 క్రిస్మస్ వచ్చింది. బరువుకు తగిన బండి దొరకనప్పుడు, మోసే వీపుకు తగినట్లు బరువునే పంచుకోవాలి కాబోలు!