నాలుకకూ ఒక నెలవుంది

గాఢనిద్రను చెప్పడానికి తెలుగులో ‘గుర్రుపెట్టి నిద్రపోవడం’ అంటాం. గురకను సుఖనిద్రకు గుర్తుగా ఎంచిన నుడికారమిది. శరీరశాస్త్రం చెప్పేది వేరు. ఇరుకైన దారిలో గాలి దూరేటప్పుడు మెత్తని అంగిలి, కొండనాలుక అదిరి పుట్టే చప్పుడే గురక. ఆ దారి మూసుకుపోయి పది సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగిపోతూ ఉంటే అది స్లీప్ ఆప్నియా. ఊపిరి ఆగడం, సన్నగిల్లడం గంటకు సగటున ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కే దీనికి కొలమానం. పెద్దల్లో 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఊబకాయులలో ఇది ఎక్కువే అయినా, దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నవారికి బక్కగా ఉన్నా రావచ్చు.

ముక్కుకు ఎముక, మృదులాస్థి ఆసరాగా ఉన్నాయి. శ్వాసనాళానికి మృదులాస్థి వలయాలున్నాయి. ఈ రెంటి నడుమనున్న గొంతుకు అలాంటి చట్రం లేదు. దాన్ని తెరిచి ఉంచవలసినవి కండరాలే. వాటిలో ముఖ్యమైనది నాలుకను ముందుకు లాగి పట్టే జీనియోగ్లాసస్. నిద్రలో అది సడలుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు వెనక్కి జారి దారికి అడ్డుపడుతుంది. ఈ కండరాలకు కసరత్తుతో పట్టును, సరైన అలవాటును నేర్పవచ్చునన్నదే మయోఫంక్షనల్ థెరపీ వెనుకనున్న ఆలోచన.

దంతవైద్యంలో పుట్టిన ఆలోచన

ఈ ఆలోచన పుట్టింది నిద్ర కోసం కాదు, పలువరుస కోసం. అమెరికన్ దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ రోజర్స్ 1918లో పళ్ళను సరిచేయడంలో కండరాల శిక్షణకున్న పాత్ర గురించి రాశాడు. పంటిపై నాలుక లోపలినుంచి, పెదవులు, బుగ్గలు బయటినుంచి ఒత్తిడి పెడతాయి. మింగేటప్పుడు పడే బలమైన ఒత్తిడి క్షణకాలం మాత్రమే ఉంటుంది. మెల్లగా, ఎడతెగకుండా పడే ఒత్తిడే పళ్ళను కదిలిస్తుందని విలియం ప్రాఫిట్ 1978లో వాదించాడు. అంటే నాలుక పనిచేసేటప్పటికంటే ఊరకే ఉన్నప్పుడు ఎక్కడుందన్నది ముఖ్యం. ఈగిల్ హార్వోల్డ్ రీసస్ కోతులపై చేసిన ప్రయోగాలలో, ముక్కు మూసి నోటితో ఊపిరి పీల్చేలా చేసినప్పుడు వాటి దవడలు, పలువరుసలు మారాయి. అయితే అన్నీ ఒకే తీరున మారలేదు. పైగా పిల్లల్లో ముక్కు అంత పూర్తిగా మూసుకుపోవడం అరుదు.

కసరత్తు తీరు

‘ల’ అని నెమ్మదిగా పలికి చూడండి. పై పళ్ళ వెనుక, చిగురు ఉబ్బెత్తుగా ఉన్నచోట నాలుక కొన తాకుతుంది. దాదాపు అదే నాలుక నెలవు. పెదవులు మూసి, ముక్కుతో ఊపిరి పీలుస్తూ, నాలుకను అక్కడ ఆనించి ఉంచడం మొదటి పాఠం. నాలుకను అంగిలికి ఒత్తి వెనక్కి జార్చడం, అచ్చులను తెంపి తెంపీ, సాగదీసీ పలకడం, బుగ్గకు లోపలినుంచి వేలు ఆనించి దాన్ని బుగ్గతో నొక్కడం, రెండు దవడలతో మార్చి మార్చి నమలడం తరువాతివి.

ఫలితాలు

బ్రెజిల్‌లో కాటియా గిమరాయెస్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థ ఆప్నియా ఉన్న 31 మంది పాల్గొన్నారు. మూడు నెలల కసరత్తు చేసినవారిలో గంటకు 22.4గా ఉన్న సగటు 13.7కు దిగింది. 2015లో కమాచో తదితరులు అప్పటి అధ్యయనాలను కలిపి చూస్తే పెద్దల్లో సుమారు సగం, పిల్లల్లో 62 శాతం తగ్గుదల కనిపించింది. 2020 కాక్రేన్ సమీక్షకు మాత్రం దొరికినవి తొమ్మిది అధ్యయనాలు, 347 మంది. పగటి మగత తగ్గే అవకాశం ఉందన్నా, చాలా ఫలితాల విషయంలో సాక్ష్యం బలహీనమేనని అది తేల్చింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. 22 నుంచి 14కు దిగడం మేలే, కానీ జబ్బు పోవడం కాదు. అరవై ఉన్నవారికి సగం తగ్గినా ముప్పై మిగులుతుంది. అది తీవ్రస్థాయి అంచే. పైగా గురక తగ్గితే పక్కవారికి నిద్ర పడుతుంది గానీ, ఆప్నియా పోయిందనడానికి అది రుజువు కాదు. అందుకే కసరత్తు మొదలుపెట్టామని సీప్యాప్ యంత్రాన్ని పక్కన పెట్టడం ప్రమాదం.

‘ఏ వయసులోనైనా’ అన్న మాటకూ హద్దులున్నాయి. కండరం ఏ వయసులోనైనా నేర్చుకుంటుంది. ఎముక అలా కాదు. పెద్దల దవడ ఆకారాన్ని నాలుక కసరత్తుతో మారుస్తామన్న ప్రచారానికి తగిన ఆధారం లేదు. దవడ కీలు నొప్పికి పళ్ళు కొరకడం నుంచి కీళ్ళవాతం దాకా కారణాలు అనేకం కనుక ముందు కారణం తేలాలి. పిల్లల్లో టాన్సిల్స్, ఎడినాయిడ్స్ వాపే తరచుగా అడ్డంకి. దాన్ని వదిలి నాలుకకు పాఠం చెప్పి ఫలం లేదు. ముక్కు దిబ్బడ తేలకుండా పెదవులకు టేపు అంటించుకోవడం మరీ తగదు.

క్రమం ఇది: మొదట నిద్ర పరీక్ష, తరువాత ముక్కు, గొంతుల పరీక్ష, ఆపైన శిక్షణ పొందిన స్పీచ్ థెరపిస్టు వద్ద కసరత్తు. కొన్ని నెలల తరువాత మళ్ళీ నిద్ర పరీక్ష చేయించుకోవాలి. మొదటి పరీక్షను చాలామంది చేయించుకుంటారు. ఫలితం తేల్చేది ఈ రెండవదే.