వద్దని రాస్తేనే గిరాకీ

కొల్లేటి గట్ల మీద సొంతంగా చెరువులు చూసే టెక్నీషియన్ కొత్త రైతును ఎలా సంపాదించుకోవాలి? కిటుకు ఓ ల్యాబు చీటీలో ఉంది.

ఎడిటర్ గారు అడిగింది ఫ్రీలాన్సర్ల మీద కథనం. కొత్త క్లయింట్లు ఎలా దొరుకుతారో పాఠకులకు చెప్పాలి, బుధవారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి, ముఖచిత్రం మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు ఉండాలి. ఆఖరి షరతు ఒక్కటీ నేను పక్కన పెట్టేశాను. ఏలూరు దాటి కైకలూరు, ఆకివీడు వైపు వెళ్తే ఈ ప్రాంతపు అసలు ఫ్రీలాన్సర్ బండి మీద కనిపిస్తాడు. సంచిలో నీళ్ల సీసాలు, టెస్ట్ కిట్టు. ఏ కంపెనీ జీతమూ ఉండదు. చేపల చెరువు చూసి సలహా చెప్పి, దానికి డబ్బులడగడం అతని వృత్తి.

అడగడం దగ్గరే చిక్కంతా. అదే సలహా పక్కన ఉచితంగా దొరుకుతోంది. మేత కంపెనీ, మందుల కంపెనీ జీతమిచ్చి పంపే టెక్నీషియన్ గట్టు మీదికే వచ్చి నీళ్లు పట్టుకెళ్తాడు. పరీక్ష చేసి చీటీ చేతిలో పెడతాడు, పైసా అడగడు. ఆ చీటీ అడుగున మందుల పేర్లుంటాయి. రైతు కట్టే ఫీజు ఆ మందుల బిల్లులోనే కలిసిపోయి ఉంటుంది. కంపెనీ కుర్రాళ్లలో పని బాగా తెలిసినవాళ్లున్నారు. కానీ వాళ్ల మెడ మీద టార్గెట్ ఉంది. ఉచితంతో పోటీ పడి గెలిచే మార్గం కోసం వెతికితే, నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఆ చీటీయే.

చీటీలో లేని గడి

చీటీ పైన రైతు పేరు, ఊరు, ఎకరాలు. కింద వరసగా పీహెచ్, కార్బనేట్లు, బైకార్బనేట్లు, హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్, ఆక్సిజన్. ప్రతిదానికీ ఎదురుగా ‘ఉండవలసినది’ అని ఇంకో అంకె. తేడా ఉన్నచోట ఎర్ర ఇంకు సున్నా. నీళ్లు ఎన్ని గంటలకు పట్టారన్న గడి మాత్రం ఉండదు, ఉన్నా తరచు ఖాళీగానే ఉంటుంది.

ఆ ఒక్క గడి ఎంత పని చేస్తుందో చూడండి. చీటీలో మొత్తం అమ్మోనియా 1 పీపీఎం అని ఉందనుకుందాం. చేపను చంపేది ఆ మొత్తం కాదు, అందులో విషరూపంలో ఉన్న భాగం. అది పీహెచ్‌ని బట్టి, వేడిని బట్టి మారుతుంది. నీటి వేడి 30 డిగ్రీలుంటే, పీహెచ్ 7.5 దగ్గర విషభాగం నూటికి రెండున్నర. అదే పీహెచ్ 9కి చేరితే నూటికి 44. పచ్చగా నాచు పట్టిన చెరువులో ఈ రెండు పీహెచ్‌లూ ఒకే రోజు కనిపించవచ్చు. ఎండ ఎక్కేకొద్దీ నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును పీల్చేస్తుంది, మధ్యాహ్నానికి పీహెచ్ పైకి పోతుంది. రాత్రంతా చేపా నాచూ ఊపిరి వదిలి, తెల్లారేసరికి దాన్ని దించేస్తాయి. అంటే చీటీ మీద అదే 1 పీపీఎం, విషం మాత్రం పొద్దున్న 0.025, మూడింటికి 0.44. టైము రాయని చీటీ చూసి, అమ్మోనియాకి విరుగుడని జియోలైట్ బస్తాలు దించుకోమనేవాడికి ఈ పద్దెనిమిది రెట్ల తేడా సంగతి తెలియదన్నా అనుకోవాలి, తెలిసీ చెప్పట్లేదన్నా అనుకోవాలి.

ఆక్సిజన్ సంగతి ఇంకా విచిత్రం. అది అట్టడుగుకి పడేది సూర్యోదయానికి ముందు. చేప పైకి తేలి నోరు తెరిచేది అప్పుడే. రైతు ఫోన్ మోగేదీ అప్పుడే. పదకొండింటికి సీసాలో పట్టి కైకలూరు ల్యాబుకి మోసుకెళ్లిన నీళ్లు తెల్లవారుజాము నాలుగింటి సంగతి చెప్పలేవు. గట్టు మీదే, ఆ వేళప్పుడే కొలవాలి.

సొంతంగా బతకదలచిన టెక్నీషియన్‌కి ఇదే చోటు. అతని చీటీలో టైము ఉండాలి. చెరువు ఏ మూల, పైనీరా అడుగునీరా, నిన్న వేసిన తవుడు, చెక్క ఎన్ని బస్తాలు అన్నీ ఉండాలి. కింద రెండు వరసలు: చేయాల్సింది, కొనాల్సింది. అమ్మోనియాకి మూలం చాలావరకు చేప తినే మేతలోని మాంసకృత్తులే. కాబట్టి మొదటి వరసలో ‘రెండు రోజులు మేత సగానికి తగ్గించండి, రాత్రి ఏరియేటర్ ఆపొద్దు’ అని రావచ్చు. రెండో వరసలో చాలాసార్లు రావాల్సిన మాట ‘ఏమీ వద్దు’.

ఆ రెండు ముక్కలూ వ్యాపారం తెస్తాయని నా నమ్మకం. లీజు రైతుకి ఎకరానికి ఎంత పోతోందో నోటి లెక్క. వద్దన్న మందు ఖరీదు అతను వెంటనే కూడేసుకుంటాడు. చీటీ ఫోటో వాట్సాప్‌లో బావమరిదికి వెళ్తుంది. ‘ఏం బావా, మీ కుర్రాడు మా చెరువుకీ వస్తాడా?’ అన్న కబురు అటునుంచి వస్తుంది. రేపు నిజంగా మందు అవసరమైన రోజున ‘ఇది కొనండి’ అంటే ఆ మాటకి విలువుంటుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్స్ చేపల పెంపకంలో నిషిద్ధమని అతను చెబితే రైతు వింటాడు. రాతకి ఇంకో గుణం కూడా ఉంది: సలహా తప్పితే తేదీతో సహా దొరికిపోతారు. అందుకే నోటిమాట సలహాదారులు ఎక్కువ.

కబురు మోసేవాళ్లు

కొత్త రైతు కోసం ఇంటింటికీ కార్డులు పంచడం వృథా. ఒక చెరువు గట్టు పక్క చెరువుకీ గట్టే, నీళ్లు వచ్చే కాలవ ఒకటే. అందుకని ఐదు ఊళ్లలో ఐదు చెరువులకంటే ఒకే కాలవ మీద మూడు చెరువులు చూడటం మేలు. ఇక ఊరూరూ తిరిగేవాళ్లున్నారు: వల లాగే పట్టుబడి ముఠా, చేపపిల్లలు తెచ్చే వ్యాపారి, ఐసు వేసి హౌరాకో గౌహతికో లోడు ఎత్తించే ఏజెంటు. శీలావతి, బొచ్చె ఎవరి చెరువులో ఎంత తూకం వచ్చాయో వీళ్లకి ముందు తెలుస్తుంది. పట్టుబడి రోజున గట్టు మీద నిలబడని టెక్నీషియన్ తన పేరు చెప్పే మనుషులు లేకుండా చేసుకున్నట్టే.

ఈ చెరువులన్నీ ఎలా మొదలయ్యాయంటే

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్లు చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే సరస్సు కొల్లేరు. 1970ల్లో మత్స్యకారుల సొసైటీలకు చెరువులు, ఆపైన ప్రైవేటు చెరువుల వరద. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, 2005-06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు పేల్చివేత. కాంటూరు బయట సాగు ఆగలేదు. 2022 ఏప్రిల్‌లో ఏలూరు పేరుతోనే కొత్త జిల్లా ఏర్పడింది.

బాక్స్ 1: గూడెం రేలంగి పాఠం

తాడేపల్లిగూడెంలో స్థిరపడి, అక్కడే సినిమా హాలు కట్టించి, 1975లో అక్కడే కన్నుమూసిన హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కారు. వేషాలు వరసకట్టలేదు. ఏళ్ల తరబడి దర్శకుడు సి.పుల్లయ్య దగ్గర నిర్మాణం పనులు చూస్తూ, చిన్న వేషాలు వేస్తూ, పట్టుబడి రోజున గట్టు మీద నిలబడ్డ టెక్నీషియన్‌లా, సినిమావాళ్ల కళ్లముందే ఉన్నారు. 1949లో ‘గుణసుందరి కథ’ తర్వాత వెనక్కి చూడలేదు. 1970లో పద్మశ్రీ వచ్చింది.

బాక్స్ 2: ల్యాప్‌టాప్ వాళ్ల కోసం

గిగ్ పనివాళ్లు 2020-21లో 77 లక్షలనీ, 2029-30కి 2.35 కోట్లవుతారనీ నీతి ఆయోగ్ 2022 నివేదిక అంచనా. 2015లో మొదలైన తాడేపల్లిగూడెం నిట్ కుర్రాళ్లలో ఆన్‌లైన్ పనులవైపు చూసేవాళ్లకి ఒక మాట: ఫైవర్ వంటి వేదిక మీ సంపాదనలో నూటికి 20 కోసుకుంటుంది. అక్కడ తెచ్చుకున్న రేటింగు చుక్కలు బయటికి తెచ్చుకోలేరు. మీ పేరుతో మీరిచ్చిన కాగితం అయితే మీతోనే వస్తుంది.

బాక్స్ 3: కంపెనీలకు పని చేస్తే

చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యం నమోదు ఉచితం. చిన్న సంస్థగా నమోదైతే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి బిల్లు ఆపకూడదు.

ఫీజు మాట

‘పట్టుబడి అయ్యాక చూద్దాంలే తమ్ముడూ’ అన్న మాట వినని టెక్నీషియన్ ఉండడు. చేప పంట ఏడాది దాకా సాగేది, అంతకాలం పెట్రోలు ఎవరు పోస్తారు? ఎకరానికి, పంటకి ఇంత అని ముందే కాగితం మీద రాసుకుని, సగం పిల్ల వదిలినప్పుడు, సగం పట్టుబడిరోజున తీసుకోవడం న్యాయం. తెల్లవారుజామున చేప తేలి, రైతు వణుకుతూ ఫోన్ చేసినప్పుడు మాత్రం బేరం పెట్టకూడదు. ముందు వెళ్లాలి. ఆ చెరువు దక్కితే మరో మూడు చెరువులు వెనకే వస్తాయి.

చీటీ మీది నమ్మకాన్ని దెబ్బ తీసేది మందుల షాపు ఇచ్చే కమిషన్. మొదటి పంట కాలంలో చేతిలో డబ్బు ఆడదు, అప్పుడే ఆ కమిషన్ ఎదురొస్తుంది. ఒక్కసారి పుచ్చుకుంటే ‘ఏమీ వద్దు’ అని రాయడానికి చెయ్యి రాదు. అందుకని ఆ తొలి పంట గడిచేదాకా ఇంట్లో ఇంకో ఆదాయం ఉండాలి, కనీసం పదెకరాల కౌలో, భార్య ఉద్యోగమో. ఈ ముక్క చెప్పకుండా క్లయింట్లను పట్టే చిట్కాలు అమ్మే కోర్సులకి డబ్బు కట్టొద్దు.