తూకం తగ్గింది, కానీ తగ్గింది ఏమిటి?

"డాక్టరుగారూ, అయిదు రోజులు అన్నం మానేశాను, మూడు కిలోలు తగ్గాను" అని సంతోషంగా చెప్పేవారు ఏ ఆసుపత్రిలోనైనా కనిపిస్తారు. కాంటా అబద్ధం చెప్పదు. అయితే తగ్గింది కొవ్వా, నీరా, కండా అన్నది కాంటాకు తెలియదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. మామూలు పనిచేసే మనిషికి రోజుకు 2,000 కేలరీల చొప్పున అయిదు రోజులకు 10,000. అంటే ఏమీ తినకపోయినా కరిగే కొవ్వు కిలో పైచిలుకు మాత్రమే. మిగిలిన తూకంలో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం దాదాపు అరకిలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాముకు సుమారు 3 గ్రాముల నీరు దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి మానేస్తే ఈ నిల్వ ఖర్చయి, నీరు మూత్రంగా పోతుంది. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పును కూడా వదిలేస్తాయి. మళ్లీ అన్నం తినగానే రెండు మూడు రోజుల్లో ఆ నీరంతా తిరిగి వస్తుంది.

డోంగ్లి, మద్నూరు వైపు ఎండలో పొలం పనిచేసేవారు ఉపవాసంలో నీళ్లు కూడా మానేస్తే చెమటతో మరింత ఉప్పు పోతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరగడం అందుకే. నీరు తగ్గి రక్తం చిక్కబడినప్పుడు పరీక్షలో హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. అది చూసి "రక్తం బాగానే ఉంది" అనుకోకూడదు.

ఆకలి నెలల తరబడి సాగితే కథ తిరగబడుతుంది. 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు దాదాపు ఆరు నెలలు సగం కడుపు తిండి పెట్టి పరిశీలించారు. వారంతా మనస్సాక్షి ఒప్పక యుద్ధానికి వెళ్లనివారు. శాంతిని బోధించే సంఘాల సభ్యులు వారిలో చాలామంది. తూకంలో పావు వంతు పోయింది, కానీ ఒంట్లో నీరు ఆ మేరకు తగ్గలేదు. కండ తరిగి, చీలమండలు వాచాయి. రక్తంలో హిమోగ్లోబిన్ పడిపోయింది, నాడి మందగించింది. అంటే వాపు నీరు తూకంలో కలిసి, కండ ఎంత పోయిందో కనబడనీయదు. సరిగా తిండి లేని పసిబిడ్డ ముఖం, కాళ్లు ఉబ్బితే "ఒళ్లు చేశాడు" అనుకునే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కొవ్వు, కండ ఇంధనంగా మనిషిని కొన్ని వారాలు నిలబెడతాయి, నీరు తాగుతూ ఉంటేనే. దానికీ హద్దుంది. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 1952 అక్టోబరు 19న నిరశన ప్రారంభించిన పొట్టి శ్రీరాములు గారు 58వ రోజున, డిసెంబరు 15న కన్నుమూశారు.

చాలామందికి తెలియని అపాయం ఉపవాసం విడిచేటప్పుడు ఉంది. రోజుల తరబడి పస్తున్న మనిషి ఒక్కసారి కడుపునిండా అన్నం, మిఠాయి తింటే ఇన్సులిన్ ఎగబాకి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి అందకపోవచ్చు, ఒళ్లు వాయవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత చెరల నుండి విడుదలైనవారిలో కొందరు ఇలా తిండి దొరికిన తర్వాతే చనిపోయారు.

లెంటు దినాల్లో ఒక పూట మానేవారికి ఈ భయం లేదు. షుగరు మాత్రలు లేక ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్షయ, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. పస్తుంటే రక్తంలో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది గనుక గౌటు నొప్పి ఉన్నవారికీ ఇదే మాట. అయిదు రోజులు దాటి ఏమీ తినని మనిషి ఇంట్లో ఉంటే ముందు ఆసుపత్రికి తీసుకురండి. తిండి ఎంత, ఎలా మొదలుపెట్టాలో రక్తపరీక్ష చూసి చెబుతారు. అంతవరకు పలుచని అంబలి కొద్దికొద్దిగా ఇవ్వండి.