మీకు తెలుసా? రక్తనాళం ఎముకలా మారుతుంది

డయాలసిస్ మీద ఉన్నవారి ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు కిడ్నీ కాదు, గుండె. అందుకు ఒక పెద్ద కారణం రక్తనాళాలు గట్టిపడిపోవడం. పైపులో సున్నం పట్టినంత తేలిక వ్యవహారం కాదిది. రక్తంలో ఫాస్ఫరస్ పెరిగిపోతే రక్తనాళం గోడలోని కండర కణాలు తమ పని మానేసి, ఎముకను కట్టే కణాల్లా ప్రవర్తిస్తాయి. మామూలుగా చేతి ఎక్స్‌రేలో ధమని కనబడదు. వీళ్లలో కొందరికి మణికట్టు పక్కన రెండు తెల్లటి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. అవి ఎముకలు కావు, ధమని గోడలు.

ఇది ముసలితనంలో మాత్రమే వచ్చేదీ కాదు. 2000లో అమెరికా వైద్యులు డయాలసిస్ మీద ఉన్న 20–30 ఏళ్ల యువతీయువకులు 16 మందిని స్కాన్ చేస్తే, 14 మందికి గుండె ధమనుల్లో కాల్షియం కనబడింది.

దీన్ని నడిపించేవి హార్మోన్లు. కిడ్నీ చేతులెత్తేయగానే ఫాస్ఫరస్ ఒంట్లోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి పంపమని ఎముక ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది పనిలో పనిగా, ఒంటికి పనికొచ్చే రూపంలోని విటమిన్ డి తయారీని తగ్గించేస్తుంది. దాంతో కాల్షియం పడిపోతుంది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోన్‌ను గుప్పించి, ఎముకలోంచి కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ రక్తంలోకి లాగుతాయి. ఎముక గుల్లబారుతుంది, రక్తనాళం గట్టిపడుతుంది.

ఆ పారాథైరాయిడ్ గ్రంథులు మొదట బయటపడింది మనిషిలో కాదు! లండన్ జూలో 1849లో చనిపోయిన మన దేశపు ఖడ్గమృగాన్ని కోసి చూసినప్పుడు రిచర్డ్ ఓవెన్ కంటపడ్డాయి. మనిషిలో వాటిని గుర్తించింది స్వీడన్‌కు చెందిన సాండ్‌స్ట్రోమ్, 1880లో.

ఇక విటమిన్ డి సంగతి. మనవాళ్లు పనికి వెళ్లే కువైట్‌లో ఎండకు కరువా? 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అయినా అక్కడ విటమిన్ డి లోపం విపరీతం. ఆ ఎండకు జడిసి చాలామంది నీడ పట్టునే ఉంటారు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లలో చాలామందికి పగటి వెలుతురే తగలదు. పైగా ఎండ చర్మంలో చేసేది ముడిసరుకే. దాన్ని పనికొచ్చే హార్మోన్‌గా మార్చేది ప్రధానంగా కిడ్నీ. అది చెడ్డాక ఎండలో ఎంతసేపు నిలబడినా ఆ లోటు తీరదు. డాక్టర్ రాసిన మందే వాడాలి.

కువైట్‌లో పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి షుగర్ ఉన్నట్టు 2021 నాటి అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య లెక్క. కిడ్నీలు పాడవడానికి మొదటి దారి అదే.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు గంటల డయాలసిస్ సుమారు 600 నుంచి 1200 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తీస్తుంది, అదీ వారానికి మూడుసార్లే. మనం మాత్రం రోజూ తింటాం. ఆ మిగులు పేరుకోకుండా, తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టి ఉంచడానికే సెవలమర్ వంటి మాత్రలు. అవి కడుపులో అన్నంతో కలిస్తేనే పని చేస్తాయి. అన్నం తిన్న రెండు గంటలకు గుర్తొచ్చి వేసుకుంటే ఫలితం దాదాపు సున్నా. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. ఈ మాట వాళ్లకు మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

పప్పులోని ఫాస్ఫరస్‌లో ఒంటికి పట్టేది సగమో, అంతకంటే తక్కువో. బకాలాలో (అక్కడి కిరాణా కొట్టులో) కొనే నల్ల కోలాలోనూ, డబ్బా చీజ్‌లోనూ, నిల్వ మాంసంలోనూ కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు మొత్తం పడుతుంది. కాబట్టి ముందు మానాల్సింది పప్పు కాదు, కోలా.

పీటీహెచ్ మరీ తక్కువున్నా చిక్కే. ఎముక స్తబ్దుగా పడి ఉండి కాల్షియాన్ని తీసుకోదు, అది రక్తనాళాల దారి పడుతుంది. అందుకే డయాలసిస్ రోగులకు పీటీహెచ్ మామూలు గరిష్ఠ స్థాయికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండేలా వైద్యులు చూస్తారు. రిపోర్టులో ఎక్కువని కనబడగానే కంగారుపడి, సొంతంగా కాల్షియం మాత్రలు మింగడమో, ఉన్న మందు ఆపేయడమో చేయొద్దు.

కువైట్‌లో డయాలసిస్ మొదలయ్యాక ఊరికి తిరిగొచ్చేవాళ్లు కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ పాత రిపోర్టులన్నీ ఫైల్లో పెట్టుకుని రండి. ఇక్కడి డాక్టర్‌కు ఒక్క అంకె చాలదు, అది నెలనెలా ఎటు కదులుతోందో కావాలి.