కాయితం లేని ఇంటికి రాయితీ ఏది?

మందమర్రిలో ఎవరైనా ఇల్లు కొన్నారంటే ఎదుటివాళ్లు ముందు అడిగేది 'ఎంతకు?' అని కాదు, 'ఎక్కడ?' అని. మంచిర్యాలలోనా, నస్పూర్‌లోనా, కరీంనగర్ దాకా పోయాడా? ముప్పై ఏళ్లు ఇక్కడే సింగరేణి బొగ్గు బాయి పని చేసి, పిల్లల్ని ఇక్కడే చదివించినవాడు ఇల్లు మాత్రం వేరే ఊళ్లో వెతుక్కుంటాడు.

మందమర్రి ఏజెన్సీ ప్రాంతం. మున్సిపాలిటీ అయ్యుండి కూడా దశాబ్దాలుగా కౌన్సిల్ ఎన్నికలు లేని ఊరు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం నోట అదే 'వన్ ఆఫ్ సెవెంటీ'. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి పేరు మీదికి మారదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, మారదు. ఆదివాసీ భూమి చేజారకుండా వేసిన కట్ట అది. దాన్ని తెంచమనే మాట నా నోట రాదు. అయితే గని పిలిస్తే వచ్చినవాళ్లు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. నోటరీ మీద కొన్నారు, తెల్లకాగితం మీద అమ్మారు. ఇల్లుంది, కరెంటు మీటరుంది, గుమ్మానికి మామిడాకుల తోరణముంది. రిజిస్ట్రేషన్ లేదు. అది లేనిదే బ్యాంకు హోంలోను ఇవ్వదు. లోను లేనివాడికి వడ్డీ రాయితీ మాటే లేదు.

ఇంకో తిరకాసుంది. 'ప్రధానమంత్రి ఆవాస్ యోజన - పట్టణ' కింద సాయం కావాలంటే కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. కాగితం లేని ఇల్లున్న కార్మికుడి గతేమిటి? లోను అడిగితే అది ఇల్లు కాదు, పథకం అడిగితే ఇల్లే!

సరే, మంచిర్యాలలో కొన్నాడే అనుకుందాం. 2024 సెప్టెంబరులో మొదలైన ఆవాస్ యోజన రెండో విడతలో వడ్డీ సబ్సిడీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల అప్పు మీద 4 శాతం వడ్డీ కేంద్రం భరిస్తుంది. మొత్తం ఎంత వస్తుంది? ఎక్కువలో ఎక్కువ లక్షా 80 వేలు, అదీ ఐదేళ్లలో ఐదు కిస్తీలుగా. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపుండాలి. సీనియర్ పర్మినెంట్ కార్మికుల్లో చాలామంది ఆ గీత దాటేశారు. కాంట్రాక్ట్ కార్మికుడు గీత లోపలే ఉంటాడు గానీ, అతని జీతం చీటీ చూసి బ్యాంకు మొహం తిప్పుకుంటుంది.

ఇప్పుడు అవతలి చెయ్యి చూడండి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు. కేంద్రం ఐదేళ్లు సాగదీసి ఇచ్చేదానికన్నా రాష్ట్రం ఒక్క పూటలో తీసుకునేదే ఎక్కువ. 2021 జులైలో ఆరు శాతాన్ని ఏడున్నర చేసినప్పుడు మొదటి ఇంటికంటూ మినహాయింపు పెట్టలేదు. అదే ఆస్ట్రేలియాలో 2000 జులై 1న జీఎస్టీ వచ్చింది. దాంతో ఇళ్ల ధరలు పెరుగుతాయని, మొదటి ఇల్లు కొనేవాళ్లకు 7,000 డాలర్ల గ్రాంటు అదే రోజు నుంచి మొదలుపెట్టారు. తీసుకున్న చెయ్యే కొంత తిరిగిచ్చింది.

ఆదాయపు పన్నులో రాయితీ ఉంది కదా అంటారు. ఉండేది. సొంతంగా ఉంటున్న ఇంటి అప్పు మీద ఏటా 2 లక్షల వడ్డీకి మినహాయింపు పాత పద్ధతిలోనే వర్తిస్తుంది. మొదటి ఇంటికి అదనంగా లక్షన్నర ఇచ్చిన 80ఈఈఏ సెక్షన్, 2022 మార్చి 31 దాకా మంజూరైన అప్పులకే. కొత్త పద్ధతిలో ఉద్యోగికి 12 లక్షల 75 వేల జీతం దాకా పన్నే పడదు. మంచిదే. కానీ ఆ జీతం లోపు ఇంటి కిస్తీలు కట్టేవాడూ, కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాడూ ఒకటే. ఇల్లు కొన్నందుకంటూ దక్కేదేమీ లేదు. అంతకుమించి జీతమున్నవాళ్లు ఏటా రెండు పద్ధతుల్లోనూ లెక్క వేయించుకోండి. ఆఫీసులో అడగకపోతే కొత్త పద్ధతిలోనే పన్ను కోసేస్తారు.

సింగరేణి కంపెనీ ఇచ్చే రాయితీ సంగతి వేరు. 2017లో గుర్తింపు సంఘం ఎన్నికలు ముగియగానే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఇల్లు కట్టుకునే కార్మికుడికి 10 లక్షల దాకా వడ్డీ లేని రుణమన్నారు. అప్పు బ్యాంకుది, వడ్డీ కంపెనీది. ఈ మొత్తం వ్యవహారంలో కార్మికుడిని కార్మికుడిగా గుర్తించిన రాయితీ ఇదొక్కటే. ఇదీ మళ్లీ బ్యాంకు గుమ్మం దగ్గరికే తీసుకెళ్తుంది. గేట్ మీటింగుల్లో కార్మికుడికి '250 గజాల స్థలం' ఇవ్వాలన్న నినాదం ఊరికే రాలేదు. రాష్ట్రం ఇచ్చే ఇందిరమ్మ ఇల్లు 5 లక్షలకైనా ముందు స్థలం తనదని చూపాలి.

దిగిపోయిన కార్మికుడు క్వార్టర్ తాళాలు అప్పగించాల్సిందే. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి) డబ్బు చేతికొచ్చేనాటికి హోంలోను వయసు దాటిపోతుంది. అందుకే సర్వీసు పదేళ్లుండగానే కదలండి. బయానా ఇచ్చే ముందు ఆ గ్రామం ఏజెన్సీ జాబితాలో ఉందా అని అడగండి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి.

సంఘాల నాయకులకు ఒక మాట. మొదటి ఇంటికి ఆ ఏడున్నర శాతం తగ్గించమని అడగండి. ఢిల్లీ పోనక్కర్లేదు. స్టాంపు డ్యూటీ హైదరాబాద్ చేతిలోనే ఉంది.